బిళ్ల అంచు మీది పేరు

ఎనిమిదేళ్ల కిందట నేనొక అబద్ధం ఆడాను. ఒక్క మాట. గుటక వేసినంత సేపు కూడా పట్టలేదు. అప్పటినుంచి అది నాతోనే తిరుగుతోంది, బడికి, వంటింట్లోకి, నిద్రలోకి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న ఊరు. మా ఇంటిని సిపాయోళ్ల ఇల్లు అంటారు. మా నాన్నకు ముత్తాత రామయ్య, విక్టోరియా రాణి కాలంలో గోదావరి దాటిపోయి ఇంగ్లీషువాళ్ల పటాలంలో చేరాడు. అదే రోజు ఆయనతో కలిసి మా ఊరి ముత్తయ్య కూడా వెళ్లాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ముత్తయ్యకు అప్పటికే పెళ్లయింది. భార్య చిలకమ్మ చంకలో పసివాడు.

కొన్నేళ్లకు రామయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కాకు రాణి బొమ్మ ఉన్న వెండి బిళ్ల తగిలించుకుని వచ్చాడు. బర్మాలో యుద్ధం చేసినందుకు ఇచ్చారన్నాడు. మరి మా ఆయన ఏడీ అని చిలకమ్మ అడిగితే, బర్మా ఓడ ఎక్కమన్న రోజే భయపడి పారిపోయాడని చెప్పాడట.

ఆ మాటతో ఆమె బతుకు మారిపోయింది. పరువు తీసినవాడి పెళ్లామని అత్తింటివాళ్లు వేరు పెట్టారు. ఇప్పపువ్వు ఏరి, కట్టెలు కొట్టి కొడుకును పెంచుకుంది. చనిపోయేదాకా బొట్టు తీయలేదు. మా ఆయన పారిపోయే మనిషి కాదని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదట. ఊరు వినలేదు. మాది సిపాయోళ్ల ఇల్లయింది, వాళ్లది పారిపోయినోళ్ల ఇల్లయింది. నాలుగు తరాలు ఆ పేర్లే నిలిచాయి.

నేను మా ఊరి బడిలోనే టీచరుగా చేరిన ఏడాది, బడి గేటు మీద రామయ్య పేరు రాయించాలని పంచాయతీ అనుకుంది. ఆ వేడుకకు నాన్న బిళ్ల పెట్టుకోవాలి. తోమమని నాకిచ్చాడు. మసిబారి నల్లగా ఉంది. విభూది అద్ది గుడ్డతో రుద్దుతుంటే అంచున ఏవో గీతలు తేలాయి. ఇంకా రుద్దాను. గీతలు కావు, అక్షరాలు. ఇంగ్లీషులో, చాలా సన్నగా చెక్కినవి. ఒక నంబరు, సిపాయి అన్న మాట, పటాలం పేరు, మధ్యలో మనిషి పేరు.

ముత్తయ్య.

అది మా ఇంటికి ఎట్లా చేరిందో నాకు తెలియదు. రోగంతోనో గాయంతోనో పోతూ, ఇంట్లో ఇవ్వమని స్నేహితుడి చేతిలో పెట్టాడా? ఇవ్వాలనే రామయ్య బయలుదేరాడా? ఊరి పొలిమేరలో ఎవరో దాన్ని చూసి మెచ్చుకుంటే, కాదు ఇది నాది కాదు అనడానికి నోరు రాలేదా? ఇవన్నీ నా ఊహలు. ఒక్కటి మాత్రం ఊహ కాదు. ఓడ ఎక్కకుండా పారిపోయినవాడికి బర్మా యుద్ధం బిళ్ల ఎవరూ ఇవ్వరు.

మరి వెంటనే ఎందుకు చెప్పలేదు? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపే నర్సమ్మత్త వచ్చింది. ముత్తయ్య మునిమనవరాలు. ఆమె తల్లి ఎల్లమ్మ, చిలకమ్మ ఒళ్లో పెరిగిన మనవరాలు, అప్పటికి మంచం పట్టి ఉంది. నర్సమ్మత్త మా గడప దిగువనే నిలబడింది.

"మా అమ్మ పానం బాగలేదు బిడ్డా. ఆ బిళ్ల మీద ఏమన్న రాసున్నదేమో, సదువుకున్న పిల్లను అడిగి రమ్మని ఒకటే పోరు. మా ముత్తయ్య తాత ముచ్చట గిట్ల ఏమన్న ఉందా?"

నాన్న లోపల కొత్త చొక్కా వేసుకుని చూసుకుంటున్నాడు.

"ఏం లేదత్తా. రాణి పేరే ఉంది."

"అవ్ మల్ల. ఉంటే ఇన్నేండ్లల్ల ఎవరో ఒకరు చెప్పకపోదురా."

ఆమె నన్ను అనుమానించలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఎల్లమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. నాన్న కోసం అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా నాన్న కోసమేనా? క్లాసులో రామయ్య కథ చెబుతుంటే పిల్లలు నావైపు చూసే చూపు నాకు ఇష్టం కాదా? రామయ్యను తప్పు పట్టే అర్హత నాకేముంది? ఆయన దాచినదాన్నే నేనూ దాచాను. ఆయనకు చదువు రాదు. నేను చదివి మరీ దాచాను.

మొన్న ఆగస్టు పదిహేనున, జెండా పండుగకు బయలుదేరుతూ నాన్న బిళ్ల నా చేతికిచ్చి తగిలించమన్నాడు. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. నా తర్వాత దీన్ని నువ్వే చూసుకోవాలె అన్నాడు. నా వేళ్ల కింద ఆ అక్షరాలు తగిలాయి. తగిలించలేదు. అక్కడే కూర్చుని మొత్తం చెప్పేశాను, చదివిన సంగతి, ఆడిన అబద్ధం, ఎల్లమ్మ అడగమన్న సంగతి.

నాన్న కూలిపోతాడనుకున్నాను. ఎనిమిదేళ్లూ నేను భయపడింది దానికే. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

"జెండా కాడికి తర్వాత పోదాం. ముందు నర్సమ్మ ఇంటికి నడువు. నువ్వొక్కదానివే పోతే బాగుండదు."

నర్సమ్మత్త పొయ్యి ముందు ఉంది. బిళ్ల ఆమె చేతిలో పెట్టి, అంచు తిప్పి, పేరు చదివి వినిపించాను. ఎప్పుడు చదివానో కూడా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"మా అమ్మ ఉండంగ చెప్పాల్సింది" అంది.

కాసేపటికి మళ్లొకసారి చదవమంది. చదివాను. బర్మా ఎటు దిక్కు ఉంటదని అడిగింది. తూర్పుకు చూపించాను. వాకిట్లోకి వచ్చి అటువైపే చూస్తూ నిలబడింది. నాన్న చేతులు జోడించాడు. ఆమె చూడలేదు. బిళ్ల ఆమె పిడికిట్లోనే ఉంది. వారం తిరిగేలోపు నాన్నే మనిషిని పెట్టి బడి గేటు మీద రామయ్య పేరు ఉన్న చోట ముత్తయ్య పేరు రాయించాడు.

పెత్రమాస రోజున బడికి పోతూ వాళ్ల ఇంటి ముందు ఆగాను. పెద్దల కోసం విస్తరి పరిచి అన్నం, కూర, గారెలు పెట్టారు. నర్సమ్మత్త ఒక్కొక్క పేరూ చెబుతూ నీళ్లు చల్లుతోంది. మా అమ్మ ఎల్లమ్మ అంది. మా జేజమ్మ చిలకమ్మ అంది. ఆ తర్వాత గొంతు పెంచి, బర్మాల కొట్లాడిన మా తాత ముత్తయ్య అంది. పారిపోయాడన్న మనిషికి ఆ ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ ముద్ద పెట్టలేదట. ఇదే మొదటిసారి.

ఆమె నన్ను చూసింది. రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. క్షమించిందని నేను అనుకోవడం లేదు. ఎల్లమ్మకు చెప్పాల్సిన మాట ఎల్లమ్మకు చెప్పలేకపోయాను, దాన్ని ఎవరూ సరిచేయలేరు. అయినా ఆ రోజు బడికి నడుస్తుంటే, ఎదురొచ్చినవాళ్లందరి కళ్లలోకి సూటిగా చూడగలిగాను. ఇప్పుడు మీకూ చెప్పాను. ఇక నా దగ్గర దాచడానికి ఏమీ లేదు.