ఫ్లాష్ లేకుండా కడప, కర్నూలు

"ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు చూపించండి, తర్వాత ఉద్యోగం సంగతి మాట్లాడదాం" అని హైదరాబాదులో ఒక పత్రికవాళ్లు అనడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఏడేళ్లుగా పెళ్లిళ్లలో జనం మొహాల మీద ఫ్లాష్ కొట్టి బతుకుతున్నవాణ్ణి. ఆ మాటకు ఒళ్లు మండింది, నిజమే కదా అని కూడా అనిపించింది. శనివారం పొద్దున పదింటికల్లా ఫొటోలు వాళ్ల బల్ల మీద ఉండాలి. స్నేహితుడి డిజిటల్ కెమెరా, దానికున్న ఒకే ఒక్క మెమరీ కార్డు అడిగి తెచ్చుకుని గురువారం మధ్యాహ్నం కడపలో దిగాను.

బస్టాండు దగ్గర లాడ్జి గది నూట యాభై. ఆరున్నరకు బయటపడ్డాను. పొద్దు గూకిన తర్వాతి అరగంట వదులుకోకండి, ఆకాశంలో నీలం మిగిలుండగానే దుకాణాల బల్బులు వెలుగుతాయి. ఇరుకు సందుల్లో ట్రైపాడ్ పెడితే జనం తిడతారు కాబట్టి కిలో బియ్యం పోసిన గుడ్డసంచి తీసుకెళ్లాను. దాన్ని ఒక సోడాబండి మీద పెట్టి, పైన కెమెరా ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను.

"మెరుపే రాలేదు కదప్పా, చెడిపోయినట్టుండాది" అని సోడా అతను జాలిపడ్డాడు.

"నీ బండి లైటు చాలన్నా" అని ఫొటో చూపించాను.

"శానా బాగుండాదే! ఇది నా బండేనా?" అని ఒక సోడా ఊరికే కొట్టిచ్చాడు. పది దాకా అక్కడే తిరిగాను.

శుక్రవారం ఎనిమిది గంటల బస్సుకు తొంభై చిల్లర ఇచ్చి, నంద్యాల మీదుగా మధ్యాహ్నం రెండింటికి కర్నూలు చేరాను. చీకటి పడ్డాక పాతబస్తీ సందుల్లో ఉల్లిపాయల బస్తాలు, బేతంచెర్ల బండలు దింపుతున్న లారీ, ఏది కనపడితే అది తీశాను. ఎనిమిదికి కార్డు నిండిపోయింది. ఫొటోలు సీడీలోకి ఎక్కించమని ఒక జెరాక్సు షాపులో ఇచ్చాను. అక్కడ కూర్చునే పెద్దాయనను అందరూ శెట్టిగారు అంటున్నారు. "అరగంటకు రాప్పా" అన్నాడాయన.

దోసె తిని లేచేసరికి కరెంటు పోయింది. సందు సందంతా కొవ్వొత్తులు, పెట్రోమాక్సు దీపాలు. చేతిలో కార్డు లేని కెమెరాతో వెర్రివాడిలా చూస్తూ నిలబడిపోయాను. కరెంటు వచ్చేసరికి తొమ్మిదింబావు. పరుగెత్తుకెళ్తే షట్టరు దిగి ఉంది. గడప ముందు కర్పూరం వాసన ఇంకా పోలేదు. హైదరాబాదు బస్సేమో పదిన్నరకు.

"శెట్టి షాపు కట్టేసి గడపకు కర్పూరం హారతి ఇచ్చి పోయినాడు. ఇంగ పొద్దున్నే తీసేది" అన్నాడు పక్కనున్న పాన్‌షాపు భాయి. వెనక సందులో ఆయన ఇల్లు కూడా చూపించాడు.

శెట్టిగారు అన్నం తింటున్నాడు. "ఒక్క నిమిషం షాపు తెరవండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను.

"కర్పూరం ఇచ్చినాక షట్టరు ఎత్తేది మాకు లేదప్పా. మా నాయన నాటి నుంచి ఇంతే."

ఉద్యోగం, బస్సు, స్నేహితుడి కార్డు, అన్నీ ఏకరువు పెట్టాను. "ఎత్తనంటే ఎత్తనప్పా" అని మజ్జిగ పోసుకున్నాడు. నాకు కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లోపలి నుంచి ఆయన భార్య కేకేసింది. "పాపం, ఎందుకట్ల ఏడిపిస్తాండారు? ఇయ్యరాదా!" అంటూ దేవుడి గూట్లోంచి ఒక కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే కార్డు!

"షాపు తీయమంటివి గానీ, కార్డు ఇమ్మని అడిగితివా?" అన్నాడు శెట్టిగారు. "కరెంటు పాయె, సీడీ కాలేదు. ఒకరి సొత్తు లోపల పెట్టుకుని మేము కర్పూరం ఇయ్యం. రాత్రి దానికి పూచీ ఎవరు?"

ప్రాణం లేచొచ్చింది. తిట్టాలో దండం పెట్టాలో తెలియక దండమే పెట్టి బస్టాండుకు ఆటో ఎక్కాను.

బస్సులో జేబు మీద చెయ్యి వేసుకునే నిద్రపోయాను. సీడీ హైదరాబాదులోనే చేయించాను, ఉద్యోగం వచ్చింది. అరగంట సేపు ఆ మనిషిని రాతిగుండె అనుకున్నందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. నాకంటే ముందు నా కార్డు గురించి ఆలోచించింది ఆయనే. మీలో ఎవరైనా అటు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. మీ వస్తువు చేతికి రాకముందే దుకాణం మూసేస్తే కంగారుపడకుండా యజమాని ఇంటికి వెళ్లండి. షాపు తెరవమనకండి, మీ వస్తువు ఇమ్మని అడగండి.