మంద దిగిన రాత్రి

ఆ ఎండాకాలం ఒక హత్యకేసు మూలంగా పోయినవాటిని వరసగా రాసి పెట్టుకున్నాను. ఒక మనిషి ప్రాణం పోయింది. అది కోర్టు లెక్క, నేను ముట్టుకోను. నా నోటి మూలంగా పోయినవి వేరే ఉన్నాయి. ఒక గొర్రెల కాపరికి ముప్పై ఎనిమిది రాత్రుల పని పోయింది. ఒక ఊళ్ళో తొమ్మిది, ఇంకో ఊళ్ళో పద్నాలుగు, ముద్దనూరు దగ్గరి ఊళ్ళో పదిహేను. టీ కొట్టు బెంచీ మీద నా చోటు పోయింది. జమ్మలమడుగు బస్సులో నాకోసం టవలు వేసి సీటు పట్టే స్నేహితుడు పోయాడు. ఆయన బతికే ఉన్నాడు, టవలు వేయడం మానేశాడు.

మాది ప్రొద్దుటూరు. పని మాత్రం జమ్మలమడుగు తట్టు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో. చదివింది ఏడో తరగతి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, విరిగిన బండముక్కల మీద సుద్దతో గీసుకుంటూ నేనే నేర్చుకున్నాను. లారీకెక్కే బండలు ఎన్ని చదరపు అడుగులో నోటితో చెప్పేస్తాను. మా యజమాని క్యాలిక్యులేటరు తీసి చాలా ఏళ్ళయింది. ఆ పేరే నా కొంప ముంచింది. సరిగ్గా చెప్పాలంటే కాపరి కొంప ముంచింది.

పులివెందుల తట్టు చీనీతోటలు, అంటే బత్తాయి తోటలున్న ఒక పెద్ద వ్యాపారిని ఒక సోమవారం రాత్రి తోటలోనే చంపేశారు. మర్నాటికల్లా టీవీ బండ్లు దిగాయి. వారం తిరిగేలోపు మా టీ కొట్టులో పద్నాలుగు మంది హంతకులు తేలారు. లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. తమ్ముడు, భాగస్వామి, డ్రైవరు, తోటలో బోరు వేసిన మేస్త్రీ కూడా అందులో ఉన్నారు. బోరులో నీళ్ళు పడలేదని ఆ మేస్త్రీకి డబ్బు ఎగ్గొట్టారంట.

"డ్రైవరే మామా. టీవీలో వాని మొగం చూసినావా, చెమటలు కారిపోతాండాయి" అన్నాడు సెలూను నడిపే ఆయన.

"ఈ ఎండకు నీకు కారడంల్యా?" అన్నాడు టీ పోసే ఆయన.

"నాది వేరే చెమట."

తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన పెద్దాయన ఒకాయన మాతో కూర్చునేవాడు. అందరూ ఆయన్ని సామీ అని పిలిచేవాళ్ళు. ఆయన పేపరు మడిచి, "ఆ కాపరిని ఎవరూ పట్టించుకోరేందప్పా? ఆర్నెల్ల కిందట గొర్రెలు తోటలో పడినాయని ఆయనకూ చచ్చిపోయినాయనకూ పెద్ద కొట్లాటంట గదా" అన్నాడు.

కాపరిది తొండూరు దగ్గర పల్లె. పోలీసులు ఆయన్ని ఒక పూట కూర్చోబెట్టి, అడగాల్సింది అడిగి పంపించేశారు. అక్కడితో ఆయన పేరు పద్నాలుగింటిలో పద్నాలుగోదిగానే ఉండిపోయేది. నేనే దాన్ని పైకి తెచ్చాను.

మా వైపు కోతలయ్యాక ఖాళీ చేలల్లో గొర్రెల మందను పడుకోబెట్టించుకుంటారు. పెంట చేనికి ఎరువు. రాత్రికి ఇంతని కాపరికి ఇస్తారు. తొండూరులో ఉండే మా అక్క మొగుడు ఆ నెలలోనే వరండాకు బండలు కొనడానికి ఫ్యాక్టరీకొచ్చి, మాటల్లో ఆ కాపరి మంద తన చేలోనే దిగిందని చెప్పాడు.

"ఎప్పుడు దిగింది బావా?"

"ఆ సోమవారమే, పొద్దుగూకినంక. మళ్ళా సోమవారం తెల్లారి లేపుకొని పోయినాడు."

"ఎన్ని రాత్రులకిచ్చినావు?"

"ఆరు. ఏంది బామ్మర్దీ, బండల రేటు చెప్పమంటే గొర్రెల రేటు అడుగుతాండావు?"

సోమవారం నుంచి ఆదివారం దాకా వేళ్ళు మడిచాను. ఏడు. ఇంకోసారి మడిచాను. ఏడే. బావ టీ తాగి బండలెత్తించుకొని వెళ్ళిపోయాడు. నేను ఆ సాయంత్రం బెంచీ మీద కూర్చొని, అందరూ వచ్చేదాకా ఆగి, మెల్లగా చెప్పాను.

"ఏడు రాత్రులుండి ఆరింటికే దుడ్లు తీసుకున్నాడంటే ఏమర్థం? ఒక రాత్రి చేలో ల్యా. ఏ రాత్రి?"

సామి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంగేముందప్పా. తేలిపోయింది."

టీ పోసే ఆయన ఆ రోజు నా దగ్గర డబ్బు తీసుకోలేదు. అంత గౌరవం నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. ఆ వారంలో ఇరవై ఆరు మందికి నా నోటితో నేనే చెప్పాను. టీ కొట్టులో ఏడుగురు, బస్సులో ఐదుగురు, ఫ్యాక్టరీలో తొమ్మిది మంది, బంధువులు ఐదుగురు. మూడు వారాలయ్యాక ముద్దనూరు మనిషి ఒకాయన, నేనెవరో తెలియకుండానే, బస్సులో నాకే చెప్పాడు. "పోలీసోళ్ళు లెక్కగట్టినారంటన్నా. కాపరికి ఒక రాత్రి తక్కువొచ్చిందంట." నేను కాదనలేదు. లోపల సంతోషపడ్డాను కూడా.

కాపరి ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీకొచ్చాడు. అరవై దగ్గర్లో ఉంటాడు. భుజాన కంబళి. గేటు దగ్గరే నిలబడి, "లెక్కలు చెప్పేటాయప్ప ఎవరు?" అని అడిగాడట. వాచ్‌మన్ నన్ను చూపించాడు. నేను లారీ ముందు బండలు కొలుస్తున్నాను. చేతిలో టేపు వదల్లేదు.

"నువ్వేనా అప్పా? నాదొక లెక్కుంది, చూసి పెడతావా?"

"చెప్పు పెద్దాయనా."

"మూడూళ్ళలో మందకు పిల్చిండ్రి. ఇప్పుడు మూడూళ్ళోళ్ళూ వద్దంటాండారు. మొత్తం ఎన్ని రాత్రులైతాయో నాకు తెలవదు. ఈడ తొమ్మిది, ఆడ పద్నాలుగు, ఇంగొక తావు పదిహేను."

"ముప్పై ఎనిమిది."

"శానానే ఉండాయి" అన్నాడు. కోపం లేదు. మంద నిలబడాలంటే చేను కావాలని, చేను లేక దారి పక్కన కట్టేస్తే రోజుకొకరు తరుముతున్నారని, ఇట్లాగే ఉంటే వానలకు ముందే సగం మందను సంతకు తోలెయ్యాలని చెప్పాడు. చెప్పి, నేను పక్కకు తీసి పెట్టిన ఒక బండ వైపు చూశాడు.

"దాన్ని కొలవల్యా?"

"మూల విరిగింది. విరిగినదాన్ని లెక్కలో వెయ్యం. కొనేవాడికి ఊరికే పోతుంది."

"మరి నాదీ అంతే గదప్పా" అన్నాడు కాపరి. "మంద దిగిన రాత్రికి నేను యానాడూ దుడ్లు తీసుకోను. ఆ దినమంతా నడ్సి నడ్సి వస్తాయి. మేత యాడుంటాది? వట్టి కడుపుతో పండుకుంటాయి. పెంట పడకుండా చేనాయప్ప దగ్గర ఎట్ల తీసుకునేది? ఆ రాత్రి మీ బావ చేలోనే ఉంటి. ఆయప్పే నాకు సద్ది తెచ్చిచ్చినాడు."

టేపు దానంతటదే చుట్టుకొని డబ్బాలోకి పోయింది. ఆయన ఎదురుగానే బావకు ఫోన్ చేశాను.

"అవును, ఆయప్ప ఎప్పుడూ అంతే. దిగిన రాత్రి లెక్కలో ల్యా. సద్ది నేనే ఇచ్చినా" అన్నాడు బావ.

"ఆ రోజు నాకు చెప్పల్యా?"

"నువ్వు ఎన్ని రాత్రులకిచ్చినావంటివి, చెప్తి. ఆరే ఎందుకని అడగల్యా గదా బామ్మర్దీ."

ఇరవై ఏళ్ళుగా మూలలు విరిగిన బండలు పక్కన పెడుతున్నవాణ్ణి. ఇంకొకడు కూడా ఒకటి పక్కన పెట్టి ఉంటాడని నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి ఇరవై ఆరు మంది దగ్గరికీ తిరిగాను. చెప్పడానికి వారం పట్టింది, చెప్పింది వెనక్కి తీసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. సెలూను ఆయన సగం గడ్డం మీద కత్తి ఆపి అంతా విన్నాడు. "సరే, కాపరి కాదు. అయితే ఎవరంటావు?"

"నాకు తెలీదు."

"తెలీకుంటే ఈయన్నెందుకు తీసేస్తాండావు? ఇంగొకరు దొరికినంక తీసెయ్."

ఎక్కడికి పోయినా ఇదే వరస. వేరే పేరు చెప్పనందుకు నా మీద కోపం. బస్సు స్నేహితుడు ఆ ఆరు రాత్రుల కథ అత్తగారింట్లో గట్టిగా వాదించి గెలిచి వచ్చాడట, ఇప్పుడు మళ్ళీ పోయి తప్పని ఎట్లా చెప్పేదన్నాడు. టవలు ఆ రోజే ఆగింది. టీ కొట్టులో సామి పేపరు నా చోట పరిచి పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. మేము చెప్పిన పద్నాలుగు పేర్లలో ఆ ఇద్దరూ లేరు. వాళ్ళు చేశారో లేదో కోర్టు ఇంకా చూస్తోంది, నేను మాట్లాడను. బెంచీ మీద మాత్రం, ఆ ఇద్దరికీ తోట దారి చూపించింది కాపరేనని ఒక రోజు మాట నడిచింది.

ఊళ్ళు మూడింటికీ బావను వెంటబెట్టుకొని పోయాను. తొమ్మిది రాత్రుల ఊళ్ళో బావ సద్ది మాట చెప్పగానే ఒప్పుకున్నారు. పద్నాలుగు రాత్రుల ఊళ్ళో రెండుసార్లు పోవాల్సి వచ్చింది. మరుసటి ఎండాకాలం ఆ రెండు ఊళ్ళలోనూ మంద దిగింది. దిగిన రాత్రికి కాపరి డబ్బు తీసుకోలేదని నాకు కబురు వచ్చింది.

ముద్దనూరు దగ్గరి ఊళ్ళో చేను ఆసామి మాకు మజ్జిగ ఇచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, అంతా విన్నాడు.

"మొదట ఆరన్నావు. ఇప్పుడు ఏడంటాండావు. రేపొచ్చి ఎనిమిదంటే నేనేం జేసేదప్పా?"

"ఆరూ నిజమే, ఏడూ నిజమే" అన్నాను.

"అదే నేననేది" అన్నాడాయన, ఇంకో గ్లాసు మజ్జిగ పోస్తూ.

ఆయన దగ్గరికి మూడు ఎండాకాలాలుగా పోతున్నాను. మజ్జిగ ప్రతిసారీ బాగుంటుంది. కాపరి మంద ఆ చేలో ఇంతవరకు దిగలేదు. ముప్పై ఎనిమిదిలో ఇరవై మూడు తీరాయి. పదిహేను రాత్రులు నా మీద అట్లాగే ఉన్నాయి.