తప్పుకు ఒత్తు

ఇక్కడ రాసిన మాటలు నావి. వాటి కింద ఉన్న ఒత్తుల్లో సగం నా మనవరాలివి.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. అంతకుముందు యాభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగాను. దీర్ఘాలు, గుణింతాలు తొందరగానే పట్టుబడ్డాయి గానీ ఒత్తులు నాకు లొంగలేదు. ఒక అక్షరం రాసినాక దాని కింద ఇంకోటి ఎందుకు పెట్టాలో నాకు అర్థమయ్యేది కాదు. అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మనవరాలే నాకు టీచరు. నోటుబుక్కు లాక్కుని, "గొరె అని రాసినావు తాతా. దీనికి ఒక కాలు లేదు, యాడికి పోతాది ఇది?" అనేది. ఎర్ర పెన్నుతో ఆ కాలు పెట్టేది.

ఆ పిల్ల హైస్కూలుకు వచ్చినాక ఒకరోజు డ్రిల్లు సారు మా ఇంటికి వచ్చాడు.

"పెద్దాయనా, నీ మనవరాలు బాగా నడుస్తాండాది. నడక పోటీలకు పంపిద్దాం" అన్నాడు.

"నడిచేదానికి పోటీ ఏంటికప్పా? అట్లయితే నా గొర్రెలకు ఎన్ని కప్పులు ఇయ్యాల?"

సారు ఓపికగా చెప్పాడు. ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉండాలట. రెండూ లేస్తే అది పరుగు అవుతుందట. ముందుకు వేసిన కాలు మోకాటి దగ్గర వంగకూడదట. దారి పొడుగునా జడ్జీలు నిలబడి చూస్తుంటారట. ముగ్గురు ఎర్ర కార్డు రాస్తే పోటీ నుంచి బయటికి పంపేస్తారట.

"పరిగెత్తితే తప్పా?"

"తప్పే."

"మెల్లగా పోతే?"

"ఓడిపోతాది."

"పరిగెత్తగూడదు, మెల్లగా పోగూడదు. ఇది మా కోడలు పెట్టిన ఆట మాదిరి ఉండాదే!" అన్నాను. లోపల కోడలు గిన్నె గట్టిగా పెట్టింది.

కోడలు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పోతుంది. కొడుకు లారీ మీద తిరుగుతాడు. మిగిలిన జీన్స్ గుడ్డతో కోడలు కూతురికి ఒక సంచి కుట్టింది. పిల్ల దాని మీద తెల్ల రంగుతో 'ఇండియా' అని రాసుకుంది. ఆ పేరున్న బనీను తొడుక్కుని నడవాలని దాని కోరిక. ఆ మాటలో ఒత్తు లేదు కాబట్టి నేను తడుముకోకుండా చదివాను. తెల్లవారుజామున తారు రోడ్డు మీద అది నడుము ఊపుకుంటూ పోతుంటే పాల క్యాన్లవాళ్లు నవ్వేవాళ్లు. అది తల కూడా తిప్పేది కాదు.

రెండేళ్లలో జిల్లా దాటి రాష్ట్రం పోటీలకు పోయింది. ఐదు కిలోమీటర్లంటే గ్రౌండు చుట్టూ పన్నెండున్నర చుట్లు. పదకొండో చుట్టు దాకా అందరికన్నా ముందు ఉందట. అక్కడ మూడో ఎర్ర కార్డు పడింది. బయటికి పంపేశారు.

అది బస్సు దిగే సమయానికి నేను టీ అంగడి దగ్గర ఉన్నాను. సంగతి తెలిసింది. నా నోరు ఊరుకుంటుందా?

"నడిచేదానికి పోయి కూడా ఓడిపోయినావా? పరిగెత్తే పోటీకే పోయింటే గెలిచేదానివి గదే!" అన్నాను.

అంగడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. బూట్లను సెనక్కాయల మూట వెనక్కి తోసేసింది. రెండు ముద్దలు తింటే ఎక్కువ. బడి గ్రౌండులో సారు విజిలు ఊదితే ఇక్కడ దీని చేతులు వణికేవి, ఊపిరి ఆడేది కాదు. ముందు కోడలు దిష్టి తీసింది. నేను చారెడు సెనక్కాయ నూనె తెచ్చి కాళ్లు పిసికాను. దేనికీ లేవలేదు. చివరికి సారే మమ్మల్ని అనంతపురంలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

ఆమె పిల్లతో చాలాసేపు మాట్లాడి నన్ను లోపలికి పిలిచింది.

"ఒత్తిడి ఎక్కువైంది తాతా" అంది.

"ఎవరు ఒత్తినారమ్మా? పేరు చెప్పు, వాని సంగతి నేను చూసుకుంటా."

డాక్టరమ్మ నవ్వలేదు. "పేరు చెప్పలేదు. టీ అంగడి అని మాత్రం చెప్పింది" అంది.

నా నోటి సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఆ పూట మాత్రం తువ్వాలు తీసి దానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇది కూడా జ్వరం మాదిరి ఒక జబ్బేననీ, నయమవుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది. వారం వారం రమ్మంది. "నడువు అని తొందర పెట్టొద్దు. పక్కన మీరుంటే చాలు" అంది. రెండు నెలల్లో మళ్లీ జిల్లా సెలక్షన్ ఉంది. దాని వయసువాళ్ల పోటీలో దానికి అదే ఆఖరుది. ఆ మాట సారు నాతో అన్నాడు. నేను ఇంట్లో ఎత్తలేదు.

తప్పు చేశానని నోటితో ఒప్పుకోవడం నాకు రాదు. నా పెళ్లాం ఆ మాట వినకుండానే పోయింది. అందుకే నోటుబుక్కు తీసి, గంటసేపు కష్టపడి మూడు మాటలు రాసి, అన్నం పళ్లెం పక్కన పెట్టి బయట కూర్చున్నాను.

'తపు నాది. అటల అనకూడదు. అనం తిను.'

కాసేపటికి కాగితం తిప్పిన చప్పుడైంది. తరువాత లోపలి నుంచి గొంతు వినబడింది.

"తాతా!"

"ఏమ్మా?"

"తప్పుకు ఒత్తు యాడ?"

"యాడికో పోయింది. నువ్వే పెట్టు."

అది లేచి కూర్చుంది. ఎర్ర పెన్ను వెతుక్కుంది. తప్పుకొకటి, అట్లకొకటి, అన్నానికొకటి పెట్టింది.

"మూడు పడినాయి. నువ్వు అవుట్" అంది.

"అవుటయితే ఇంక రాసేది మానుకోవాల్నా?"

అది పళ్లెం ముందుకు లాక్కుంది. సగం తిన్నది.

నాలుగు రోజులు పోయాక నాతో పాటు గొర్రెల వెంట నీళ్లెండిన వంక దాకా వచ్చింది. ఇప్పుడు నాకున్నవి ఆరు గొర్రెలే. "ఆ నడక నాకు నేర్పే. యాభై ఏండ్లు నడిచినోన్ని, నన్నెవరు బయటికి పంపుతారో చూస్తా" అన్నాను. పక్క చేలో ఎండబోసిన ఎర్ర మిరపకాయల్లోంచి మూడు ఏరుకుని వచ్చి, ఎర్ర కార్డులకు బదులు వాటిని పట్టుకుని జడ్జీ మాదిరి గట్టు మీద నిలబడింది.

నేను బయలుదేరాను. పది అడుగులకే ఒక మిరపకాయ లేచింది.

"మోకాలు వంగింది!"

"అది వంగి పదేండ్లయింది. దాన్ని లెక్కలో పట్టొద్దు."

"జడ్జీతో వాదించగూడదు. నడువు."

నడుము ఊపబోయాను. పంచె జారింది. పంచె పట్టుకోబోతే రెండు కాళ్లూ లేచాయి. రెండోది, మూడోది ఒకేసారి చూపించింది. గొర్రెలు మేత మాని నా వైపే చూస్తున్నాయి.

"రాతలో ఒత్తు ఎగరగొడతావు, నడకలోనూ ఎగరగొడతాండావు! మడిమను నేలకు ఒత్తు తాతా. ఒత్తినాక రెండోది లేపు" అని అరిచింది. అరిచి, నవ్వింది. ఎన్ని రోజులకో విన్నాను ఆ నవ్వు. "ఇట్ల కాదు, చూడు" అంటూ ఒట్టి కాళ్లతో తనే నడిచి చూపించింది.

మర్నాడు మూట వెనక నుంచి బూట్లు తీసింది. ఒక తాడు ఎలుక కొరికేసి ఉంది. కోడలు జీన్స్ దారం పేని కట్టింది.

అన్ని రోజులూ ఒకలాగే లేవు. కొన్నిసార్లు నడుస్తూ నడుస్తూ ఊపిరి పట్టేసి కింద కూర్చునేది. నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. నా జన్మలో అంత సేపు నోరు మూసుకున్నది అప్పుడే.

సెలక్షన్‌కు పోతానని తనే చెప్పింది. ఆ రోజు అనంతపురం గ్రౌండులో గీత దగ్గర నిలబడింది. విజిలు పట్టుకున్నాయన దగ్గరికి రాగానే దాని చేతులు వణకడం కంచె ఇవతల నుంచి నాకు కనిపించింది. అది నా వైపు చూసింది. నేను జేబులోంచి ఎండు మిరపకాయ తీసి పైకెత్తాను. గీత దగ్గర పిల్లలందరూ బిగుసుకుని ఉంటే ఇదొక్కతే పక్కున నవ్వింది. విజిలు ఊదారు. కదిలింది.

ఎనిమిదో చుట్టులో ఒక ఎర్ర కార్డు. పదో చుట్టులో ఇంకోటి. అప్పుడు ఇదే ముందుంది. పదకొండో చుట్టు వచ్చింది. నేను కంచె పట్టుకుని ముందుకు వంగాను.

"ఒత్తు! ఒత్తు పాపా, ఒత్తు!" అని అరిచాను.

పక్కన బైకు మీద కూర్చున్నాయన ఉలిక్కిపడి, "ఏం ఒత్తాల పెద్దాయనా, హారనా?" అన్నాడు.

"నేలను ఒత్తాలప్పా! నీ హారన్ ఎవనికి కావాల?"

ఆయన ఏమనుకున్నాడో గానీ హారన్ కూడా కొట్టాడు.

పిల్ల వేగం తగ్గించింది. ఒక్కో మడిమా నేలకు ఆనించి, ఒత్తి, అప్పుడు లేపింది. ఒక పిల్ల దీన్ని దాటిపోయింది. ఇంకో పిల్ల దాటిపోయింది. ఇది తొందరపడలేదు. మూడోదిగా గీత దాటింది.

రాష్ట్రానికి పోయేది మొదటి ఇద్దరే. సారు తల వంచుకున్నాడు. నా నోటిదాకా ఏదో వచ్చింది, మింగేశాను. పిల్ల చెమటతో నా దగ్గరికి వచ్చింది.

"అవుట్ కాలేదు తాతా" అంది.

"చూసినా."

"ఆకలైతాండాది."

బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. రెండు ప్లేట్లు తిన్నది, నా బజ్జీ కూడా లాక్కుంది. "ఇంక పెద్దోళ్ల పోటీ. పది కిలోమీటర్లు. ఇరవై అయిదు చుట్లు" అంది నములుతూ. భుజానికి ఆ ఇండియా సంచి వేలాడుతూనే ఉంది.

అంతలో మా రాయదుర్గం బస్సు కదిలింది. నేను పంచె ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. వెనక నుంచి కేక వినబడింది.

"తాతా! రెండు కాళ్లూ లేసినాయి!"

తిరిగి చూస్తే సగం కొరికిన బజ్జీని పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది.

ఏం చేస్తాను? జడ్జీతో వాదించకూడదు. మడిమలు ఒత్తుకుంటూ నడిచాను. బస్సు పోయింది.