ఎత్తి పోసుకున్న క్రేమాన్

మొన్న శనివారం స్టుట్‌గార్ట్‌లో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్లో, వైను సీసాల అరల ముందు మన తెలుగమ్మాయి ఒకతె బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లు తోటివాళ్లకి చిన్న విందివ్వడం ఇక్కడి ఆనవాయితీ కదా, ఆ ఐన్‌ష్టాండ్ సోమవారమట. "అంకుల్, ఫ్రెంచి వైట్ వైన్‌లో తక్కువలో మంచిది ఏదో మీకేమైనా ఐడియా ఉందా?" అంది. అలా అడిగితే నేను ఊరుకుంటానా? నలభై ఏళ్లుగా ఫ్రెంచి వైన్లతోనే కాపురం చేస్తున్నానన్నాను. ఈ దేశం వచ్చి పాతికేళ్లు దాటిందంతే, అందులో మొదటి ఏడాదంతా బీరు వాసనకే తల తిప్పుకున్నానన్న సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు కనుక మీకు చెబుతున్నాను.

మార్కులు పోయి యూరోలు వచ్చిన కొత్తలో నేనిక్కడ కారు విడిభాగాల కంపెనీలో డ్రాయింగులు గీసే ఇంజనీరుని. మా సెక్షను పెద్దాయన ఇక్కడి ద్రాక్షతోటల మధ్య పుట్టిన మనిషి, నవ్వడం తక్కువ. నా ఉద్యోగం ఊడబోతే పైవాళ్లతో పోట్లాడి నిలబెట్టింది ఆయనే. ఒకరోజు క్యాంటీనులో అందరూ వైన్ల గురించి మాట్లాడుకుంటూ నన్ను లెక్కలోకే తీసుకోకపోయేసరికి ఉక్రోషం పట్టలేక, మా వైపు యానాం అనే ఊరుందనీ, దాన్ని ఫ్రెంచివాళ్లు ఏలారనీ, మా తాతగారు ఆ దొరల వైను కొట్టు తాళాలు మొలలో పెట్టుకుని తిరిగేవారనీ, నాలుక మీద చుక్క వేస్తే చాలు ఏ తోటదో చెప్పేవారనీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. మా తాతగారు యానాం వెళ్లింది జన్మలో ఒక్కసారి, గొడుగు కొనడానికి. అక్కడివి నచ్చక కాకినాడలో కొనుక్కున్నారు.

వారం తిరక్కుండా పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, తను వచ్చే నెల రిటైరవుతున్నాననీ, ఆ వీడ్కోలు విందుకి ఫ్రెంచి వైట్ వైనూ, బుడగల వైనూ నేనే ఎంచాలనీ, సీసా ఎనిమిది యూరోలు దాటకూడదనీ చెప్పి వెళ్లిపోయారు. నన్ను నిలబెట్టిన మనిషికి చివరి రోజున, అంతమంది ముందు, పుల్లనీళ్లు పోసి పరువు తీస్తానేమోనని భయం పట్టుకుంది. నేర్చుకుని తీరాల్సిందేనని పంతం పట్టి నాలుగు శనివారాలు సరిహద్దు దాటి ఫ్రాన్సులోని ఆల్సాస్ వెళ్లాను. కారు నడిపేది మా ఆవిడ. ఆవిడ చుక్క ముట్టదు.

అక్కడ ఒక ఊళ్లో రైతుల సహకార సంఘంవాళ్ల వైను కొట్టు ఉండేది. బల్ల వెనక ఒక ముసలావిడ, వచ్చినవాళ్లకి రుచి చూడమని తలా రెండు గుక్కలు పోసేది. తాగేసిన గ్లాసుని పక్కనున్న తొట్టిలో ఒక్క ముంచు ముంచి, తుడిచి, ఇంకొకరి చేతికిచ్చేది. సముద్రాలు దాటి వచ్చాను గానీ ఎంగిలి గ్లాసుకి మూతి ఆనించడం ఇప్పటికీ నా వల్ల కాదు. అందుకని చిన్నప్పుడు చెంబుతో మంచినీళ్లు తాగినట్టే తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడు ఎత్తున పట్టి, వైనుని ధారగా నోట్లో పోసుకున్నాను. కొట్టులో అందరూ నావైపే తిరిగారు. ఇది మీ దేశపు పద్ధతా అని ముసలావిడ ఎంతో గౌరవంగా అడిగింది. వేల ఏళ్ల నాటిదని చెప్పాను.

రుచి చూసి ఉమ్మెయ్యడానికి ఒక కుండ కూడా పెట్టారు. నలుగురి ముందూ ఉమ్మడానికి సిగ్గేసి అన్నీ మింగాను. అయిదో గ్లాసుకి మా ఆవిడ విసుక్కుంది. "ఏవండీ, ఇదీ అద్భుతమేనా? ఇందాకటిదీ అద్భుతమన్నారు, అంతకుముందుదీ అన్నారు. మీ పెద్దాయనకి కావలసింది వైనండీ, అద్భుతాలు కాదు." ఆ మాట తగలవలసిన చోట తగిలింది. రెండో శనివారం నుంచి సిగ్గు చంపుకుని ఉమ్మాను. ప్రతి గ్లాసుకీ దానిదే అయిన ఒక మాట చెప్పేదాకా తర్వాతది ముట్టకూడదని నియమం పెట్టుకున్నాను. నేను చెప్పేవాణ్ణి, మా ఆవిడ రాసుకునేది. ఒకటి పచ్చి జామకాయ వగరు, ఒకటి ఉప్పద్దిన మామిడిపిందె, ఒకటి తాటిముంజ నీళ్లు. ఆ తాటిముంజ నీళ్లు పినో బ్లాఁ అనే వైనుది. ధర తక్కువ, ఏం తిన్నా దానికి అడ్డం రాని నెమ్మదైన రుచి. దాన్ని ఖాయం చేసుకున్నాం. మొన్న ఆ అమ్మాయి చేతిలో పెట్టిందీ అదే.

బుడగల వైను దగ్గరే అసలు తంటా వచ్చింది. షాంపేను ధర మనకందదు. అదే పద్ధతిలో సీసాలోనే రెండోసారి పులియబెట్టి ఆల్సాస్‌లో చేసేదాన్ని క్రేమాన్ అంటారు, అది మన ధరకి దొరుకుతుంది. కానీ దాన్ని ఎత్తి పోసుకుంటే నురగ ముక్కులోకెక్కి, కళ్ల నీళ్లు తిరిగి, చొక్కా తడిసింది. అయితే అంత ఎత్తు నుంచి పడ్డాక కూడా నాలుక మీద సన్నగా చిటపటలాడేది మంచిదనీ, గ్యాసు ఎక్కించిన నాసిరకమైతే దారిలోనే చచ్చి పుల్లనీళ్లయిపోతుందనీ అప్పుడే తెలిసింది. ఇది నా పరిశోధన అని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. పరిశోధనా లేదు, పాడూ లేదు. పొలమారింది, అంతే.

విందు రోజు మధ్యాహ్నం పెద్దాయన క్రేమాన్ గ్లాసు అందుకున్నారు. అందరూ చూస్తుండగా ఆయన తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, ధారగా పోసుకున్నారు! ఆఫీసులో నేను నీళ్లసీసా అలా ఎత్తి తాగడం రోజూ గమనించారన్నమాట. సగం టై మీద పడింది. నవ్వని మనిషి నవ్వారు. ఇక ఒకరి తర్వాత ఒకరు ఎత్తారు, సెక్షను సెక్షనంతా టైలు తడుపుకుంది. రెండో గ్లాసు ఆయన మామూలుగా, కళ్లు మూసుకుని తాగి, మూడోది ఎవరూ అడక్కుండా తనే పోసుకున్నారు. ఈ ప్రాంతంవాళ్ల పొగడ్త అంతకు మించి ఉండదు.

ఖాళీ సీసాలు పెట్టెల్లో సర్దుతూ, తాతగారి కథ అబద్ధమని ఆయనతో ఒప్పేసుకున్నాను. ఆయన తలెత్తకుండానే, "అట్లాసు తీసి చూశాను. ఊరుంది. ఊరు నిజమే కదా, తాత సంగతి మనకెందుకులే అని వదిలేశాను" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. ఆ కొట్టులో ముసలావిడ బదులు, కార్డు పెడితే చెంచాడు వైను పోసే యంత్రం ఉంది. వచ్చినవాళ్లు సీసా మీది చీటీని ఫోనుకి చూపించి, ఎన్ని నక్షత్రాలున్నాయో చూసుకుని, రుచి కూడా చూడకుండా పెట్టెలు మోసుకుపోతున్నారు. తప్పు పట్టను, వాళ్ల తొందర వాళ్లది. నేను మాత్రం గుక్క నోట్లో ఉంచుకుని దానికి తగిన మాట కోసం వెతుక్కుంటూ ఒక మూల నిలబడతాను. ఈమధ్య మాట దొరకడానికి చాలాసేపు పడుతోంది. మా ఆవిడ మోకాళ్ల నొప్పులని కారు దిగదు. దొరికిన మాటని పదిలంగా కారుదాకా మోసుకెళ్లి చెప్పాలి. ఒక్కోసారి తలుపు తీసేలోపే జారిపోతుంది.