బావ కార్డులో రెండో గీత

ఏ జబ్బూ లేని పెళ్ళికొడుకును ముహూర్తానికి ముందురోజు నూలుకట్టల గదిలో పెట్టి తలుపు వేయించిన ఘనుణ్ణి నేను. పైగా ఆయన మా సొంత అక్కకు కాబోయే మొగుడు. ఆ ఘోరం చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా బావ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

కరోనా రోజులవి. మాది తిరుత్తణి దగ్గర నేతగాళ్ళ వీధి. నాకు పరీక్షలు చేసే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ముక్కులో పుల్ల తిప్పి, మందునీళ్ళలో కలిపి, కార్డు మీద చుక్కలు వేసి, పావుగంటకు చూడాలి. ఒక గీతైతే క్షేమం, రెండైతే కరోనా. గడువు దాటాక చూడొద్దని కూడా మాకు పని నేర్పిన డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. అప్పుడు నేను మెడలోని కొత్త గుర్తింపు కార్డులో నా ఫొటో చూసుకుంటున్నాను.

ఆవడి నుంచి మగపెళ్ళివారు దిగారు. పరీక్ష కాకుండా మండపంలోకి ఎవరినీ రానివ్వొద్దని అధికారులు చెప్పారు కాబట్టి అందరికీ నేనే చేశాను. అందరికీ ఒకటే గీత, బావకూ ఒకటే. అక్కడితో ఆగితే నేతగాడి కొడుకునెలా అవుతాను? మగ్గం దిగిన చీరను వెలుతురుకు పట్టి చూడనిదే మా ఇంట్లో మడత పెట్టరు. బావ కార్డును మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎండకు పట్టాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. కాఫీ తాగొచ్చి మళ్ళీ తిప్పాను. ఆలస్యం అమృతం విషం అంటారు కదా, నా ఆలస్యానికి వెంట్రుకలో సగం మందాన రెండో గీత పుట్టుకొచ్చింది.

నాయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. "ఉండాది. సన్నంగా ఉండాది," అన్నాడు. వీధిలో పెద్దలంతా వరసగా చూసి ఔనన్నారు. పక్కింటి మామైతే అది వందో నంబరు సన్ననూలంత ఉందని తేల్చాడు.

"నాకేం కనపడలేదే," అన్నాడు బావ.

"మీరు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు బావా, పోగు మీ కంటికి ఆనదు," అని ఓదార్చి గదిలోకి పంపాను.

అక్క ఏడుపు మొదలుపెట్టింది. బావ వాళ్ళ నాన్న పెళ్ళి ఆపేద్దామని సామాన్లు వ్యానులోకి ఎక్కించసాగాడు. నా కంటి మీద నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు.

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. బావకు మళ్ళీ పరీక్ష చేసి, పావుగంటకు చూసింది. ఒకటే గీత. అప్పుడు నా చేతిలోని బావ పాత కార్డు అందుకుంది.

"దీన్ని ఎంతసేపు చూసినావయ్యా?"

"గీత కనపడేదాకా మేడమ్."

గడువు దాటిన కార్డులో లేనిపోని గీతలు రావచ్చని ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి విన్నాను. సామాన్లు వ్యాను దిగాయి, తెల్లారి పెళ్ళి జరిగింది. మూడో ముడి వేసి బావ నావైపు తిరిగాడు. "బామ్మర్దీ, వెలుతురుకు పట్టి చూసేది ఉండాదా, నేను లేచేదా?"

నాయన మగ్గం మీద ఒట్టేసి చెబుతున్నాను. గడువు దాటిన ఏ గీతనూ ఇక కన్నెత్తి చూడను. పొద్దున లేవగానే అరచేతులు చూసుకుంటాను కదా, ఆ గీతలైనా సరే, ఒక్కసారి చూసి వెంటనే గుప్పిట మూసేస్తున్నాను.