ముందు పేరు చెప్పండి

మా చెల్లెలు పోయిందని మంగళవారం పొద్దున్నే ఫోను వచ్చింది. పూజలో ఉన్నాను. పూర్తిచేసి బయల్దేరాను.

దారి పొడవునా నెల కిందటి ఒక మామూలు ఉదయమే కళ్ళముందుంది. మయూర్ విహార్‌లో వాళ్ళ ఫ్లాటు. చెల్లి బాల్కనీ ఎండలో కూర్చుని మెంతికూర గిల్లుతోంది. గుమ్మంలోంచే "దీదీ, మై సబ్జీవాలా" అని కేకేసి కూరలాయన సంచి దించాడు. "ఆవో భయ్యా, కల్ కే టమాటర్ బేకార్ థే" అని నిన్నటి టమాటాలను దెప్పుతూ చెల్లి నవ్వింది. అతని వెనకే మా తమ్ముడు. ఎవరూ చెప్పొద్దని నోటిమీద వేలుపెట్టి నాకూ కూరలాయనకూ సైగచేసి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

చెల్లి చేతిలో ఆకు ఆగిపోయింది. "ఎవరండీ?"

"చూశావా పెద్దక్కా, సొంత తమ్ముణ్ణి!"

గొంతు వినగానే తేలికపడింది. "నువ్వట్రా! గుమ్మంలోనే చెప్పకూడదూ?"

"పేరు చెప్పుకుని రావడానికి నేనేమైనా కొరియర్‌వాణ్ణా?"

ఏడాది కిందట మెదడులో రక్తం గడ్డకట్టాక ఆమెకు చూపు మిగిలింది, మాట మిగిలింది, ముఖాలు మిగల్లేదు. కళ్ళూ ముక్కూ కనబడేవి. ఎవరివో తెలిసేది కాదు. ఇరవయ్యేళ్ళు బడిలో పరీక్షలు పెట్టిన మనిషికి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పరీక్ష పెట్టారు. అందరూ చదువుకున్నవాళ్ళే.

ఒకరోజు లిఫ్టు అద్దంలో తనకే నమస్తే పెట్టింది. అది నువ్వేనని నేను చెబితే, "మర్యాదస్తురాలే అక్కా, తిరిగి పెట్టింది" అంది.

ఆస్పత్రిలో తలకు వైర్లు తగిలించి, మా ఫోటోలూ పరాయివాళ్ళవీ కలిపి చూపించారు. అన్నిటికీ "తెలీదు" అనే చెప్పింది. మా ఫోటోలకు మాత్రం తెరమీద గీత వేరుగా లేచింది. "మెదడు పోల్చుకుంటోంది. ఆ సంగతి ఆవిడకు తెలియడం లేదు. నటన కాదు" అన్నారు డాక్టరుగారు.

నాకు చేతులు జోడించాలనిపించింది. చెల్లి భర్త, మా మరిది, "నా ఫోటోకి ఎంత లేచింది డాక్టర్ సాబ్?" అని అడిగాడు. "నాకంటే ఎక్కువా?" అని తమ్ముడు. నాకూ అడగాలనిపించింది. నోరు మూసుకున్నాను, అంతే తేడా.

చెల్లి మాత్రం ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "లోపల ఎవరో మిమ్మల్నందర్నీ గుర్తుపడుతున్నారట అక్కా. నాకు చెప్పడం లేదు. మీరైనా పేరు చెప్పండి."

అడిగింది అంతే. దాన్ని సబ్జీవాలా ఒక్కడే పాటించాడు. మావాళ్ళకు నామోషీ.

మంగళవారం సాయంత్రం మరిది ఏడ్చాడు. "ఆఖరికి నన్ను గుర్తుపట్టకుండానే పోయింది వదినా." ఓదార్చాలనిపించలేదు.

"పదమూడో రోజున ఫోటో ముందుకొచ్చే ప్రతివాళ్ళూ ముందు పేరు చెప్పాలి. పువ్వు ఆ తర్వాతే" అన్నాను.

"ఫోటోకా?" అన్నాడు తమ్ముడు.

"ఫోటోకే."

మరిది కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అందరూ ఒప్పుకున్నారు. గుమ్మంలోనే నిలబడి, గట్టిగా, పేరు చెప్పి లోపలికి రావాలి. మొదట తమ్ముడు.