ఉత్తరం వైపు చోటు

మార్చి వచ్చిందంటే చాలు, వెర్నా ట్రైపాడ్ భుజాన వేసుకుని నెబ్రాస్కాలోని ప్లాట్ నది ఒడ్డుకు కొంగల్ని వీడియో తీయడానికి బయల్దేరుతుంది. ట్రైపాడ్ కాళ్లు వెడల్పుగా చాపి పొట్టిగా నిలబెడుతుంది, రెపరెపలాడే కెమెరా పట్టీ విప్పేస్తుంది, గులకరాళ్ల సంచిని నేలకు ఆనేలా కింద వేలాడదీస్తుంది. "సంచి ఊగితే బొమ్మా ఊగుతుందే" అని నేర్పిన భర్త లైల్, నలభై ఏళ్లు ఉత్తరం వైపు గాలికి అడ్డంగా గోడలా కదలకుండా నిలబడి, ముక్కు కారుతున్నా తుడుచుకునేవాడు కాదు. ఆయన పోయాక ఇదే మొదటి మార్చి. పక్కింటి డెల్మర్ జాలిపడి ఆ చోట నిలబడబోయాడు.

"అక్కడొద్దయ్యా, ఇటు రా."

"గాలి చంపేస్తోంది వదినా! బొమ్మ వణకదూ?"

"వణకనీ" అంది వెర్నా, కెమెరా మీంచి కన్ను తీయకుండా. "ఆయనున్నన్నాళ్లూ ఇక్కడింత గాలుందని నాకు తెలీనే లేదు."